పండును పెద్దదిగా చేసిన దెవరు?

విత్తొకటి నాటిన చెట్టొకటి మొలచునా యని మనవారిలో నొక సామెత కలదు. ఒకనాడు తరగతిలో ఈ సామెతను వివరించుచుండగా ఒక బాలుడు లేచి, "పెద్ద పండులోని గింజను నాటితే పెద్ద పండ్లే కాస్తాయా, మాస్టారూ?" అని యడిగెను. మేము తడుముకొనక "కాయును" అని చెప్పి పాఠము సాగించితిమి. ఆ సాయంకాలము మామిడితోట కాపలాయుండు నొక వృద్ధునితో ఈ మాట ప్రస్తావింపగా అతడు నవ్వి, "అట్లయితే మేం అంట్లు కట్టటం దేనికండీ పంతులుగారూ? టెంక పాతి ఊరుకుందుం గదా!" అనెను. మరునాడు తరగతిలో మా తప్పును ఒప్పుకొంటిమి. ఒప్పుకొనుట సులభమే, ఉత్తరము చెప్పుట సులభము కాలేదు. ఈ వ్యాసము ఆ బాలునికి మేము ఆలస్యముగా చెల్లించుచున్న ఋణము.

మన ధర్మశాస్త్రములలో బీజక్షేత్రవివాద మనునది యొకటి కలదు. విత్తు ప్రధానమా, పొలము ప్రధానమా యని మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున చర్చ జరిగినది. అచటి విషయము సంతానముపై హక్కు. మేము ఆ ప్రశ్నను పండ్లతోటకు మాత్రమే పరిమితము చేసి యడుగుచున్నాము: పండు పెద్దదగుట విత్తువలననా, పెంపకమువలననా? ఇది వట్టి తర్కమని పాఠకులు తలపకుందురు గాక. ఇరువదవ శతాబ్దిలో ఈ ప్రశ్నకు తాను కనుగొన్న యుత్తరమును విడువనొల్లక ఒక మహావిద్వాంసుడు చెరసాలలో ప్రాణములు కోల్పోయెను. మామిడి మనకు దగ్గరి పండే గాని, ఆపిలుచెట్టును గూర్చి రెండువందల యేండ్లకు పైబడిన ప్రయోగములు, వ్రాతలు లభించుచున్నవి. కాబట్టి ఆ చెట్టు కథనే చెప్పుదుము.

మధ్య ఆసియాలో, నేటి కజకస్థానము తూర్పు దక్షిణ భాగములందు, తియాన్‌షాన్ పర్వతముల వాలులలో ఆపిలుచెట్లు అడవులై పెరుగును. 1793లో రేవల్చిన్ని వేరును వెదకుచు రష్యాప్రభుత్వము పక్షమున ఆ ప్రాంతములకు పోయిన సీవర్సు అను ఔషధవేత్త ఆ చెట్లను చూచెను. నేడు ఆ జాతికి అతని పేరే నిలిచినది. 1929లో రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు నికొలాయ్ వావిలోవు ఆల్మా-ఆతా నగరమును చేరి, చుట్టునున్న కొండలపై ఈ యడవులను పరిశీలించెను. ఆ నగరము పేరునకు ఆపిలు పండ్లకు తండ్రి యని అర్థము చెప్పుదురు. అచట నొక చెట్టు పండు ఉసిరికాయంత యుండగా, ప్రక్కచెట్టు పండు బజారులో నమ్మదగినంత పెద్దదిగా నుండెను. ఒకటి పులుపు, ఒకటి తీపి, ఒకటి చేదు. ఇన్ని భేదము లొకచో కానవచ్చుటచే తోటఆపిలునకు పుట్టినిల్లు ఇదియే కావలయునని వావిలోవు ఊహించెను. 2010లో గోల్డెన్ డెలిషస్ అను ఆపిలురకము యొక్క జన్యువుల సమగ్రపటము ప్రకటింపబడినప్పుడు ఆ యూహ నిజమని తేలినది.

మరి ఆ యడవిలో పండ్లను పెద్దవిగా చేసిన తోటమాలి యెవడు? ఎవడును లేడు. ఎలుగుబంట్లు, గుఱ్ఱములు మొదలగు పెద్ద జంతువులు తమ కింపైన పెద్ద, తియ్యని పండ్లను ఏరుకొని తిని, గింజలను దూరముగా విసర్జించుటచే అట్టి చెట్లు వ్యాపించినవని కొందఱు విద్వాంసులు చెప్పుదురు. చిన్నపండ్ల జాతులకు పక్షులే చాలును. ఆ వాదమున ఎంత సత్యమున్నను, ఒక విషయము స్థిరపడినది. 2017లో నూరింటికి మించిన ఆపిలుచెట్ల జన్యువులను పోల్చి చూచినవారు, మనుష్యుడు చేయి పెట్టుటకు పూర్వమే తియాన్‌షాన్ పండు ఒక మాదిరి పెద్దదై యుండెనని నిర్ణయించిరి. ఆ మీద వర్తకుల బాటల వెంట అది పడమరకు పోయి, ఐరోపాలోని చిన్నదియు పుల్లనిదియు నగు అడవిఆపిలుతో కలిసి నేటి తోటఆపి లైనది.

పడమటి దేశములవారు తొలుత నేర్చిన పాఠము మన తోటకాపరి మాకు చెప్పినదే. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దిలోనే గ్రీకు పండితుడు థియోఫ్రాస్టసు, మంచి పండ్లచెట్ల గింజలనుండి మొలచినవి తఱచుగా నాసియగునని వ్రాసెను. కారణము నేడు మనకు తెలియును. ఆపిలుపువ్వు తన పుప్పొడిని తాను అంగీకరింపదు. అన్యవృక్షపు పుప్పొడి రావలెను. కాబట్టి ప్రతి గింజయు ఇరువంశముల మిశ్రమము. ఒక పండులోని నాలుగైదు గింజలు నాటిన నాలుగైదు తీరుల చెట్లు లేచును. బంగినపల్లి టెంకనుండి బంగినపల్లి రాకుండుటకును పరాగసంపర్కముచే కలుగు నిట్టి మిశ్రమమే హేతువు. అంటుగట్టుట యనగా ఆ మిశ్రమమును తప్పించుకొని, దొరికిన మేలిరకమును దొరికినట్లే నిలుపుకొనుట. అంటు నిలుపగలదే గాని క్రొత్తదానిని సృజింపలేదు. క్రొత్తది కావలెనన్న మరల గింజకడకే పోవలెను.

బుద్ధిపూర్వకముగా గింజకడకు పోయినవారిలో మొదట చెప్పదగినవాడు ఇంగ్లండునందలి థామస్ ఆండ్రూ నైట్. ఇతడు 1759లో జన్మించి 1838లో మరణించెను. తన కాలమున గోల్డెన్ పిప్పిన్ వంటి ప్రాతరకములు తెగుళ్ళచే క్షీణించుట చూచి, అంటునకును తల్లిచెట్టు వయస్సే వచ్చునని, తల్లి ముసలిదైన అంటులన్నియు ముసలివగునని 1797లో గ్రంథము వ్రాసెను. ఆ సిద్ధాంతము తప్పు. కాని ఆ తప్పే యతనిని మంచిపనికి పురికొల్పినది. క్రొత్త చెట్లు కావలయునని తలచి, పువ్వులోని కేసరములను తీసివేసి, తా నెన్నుకొన్న మరియొక చెట్టు పుప్పొడిని అంటించి, గింజలు కట్టించి, మొలకలను పెంచెను. తల్లిదండ్రులను ఎరిగి సంతానమును చూచుట పండ్లతోటలో అప్పటినుండి ఒక పద్ధతి యైనది.

అయినను భాగ్యము పద్ధతికి లోబడి యుండదు. 1809లో ఇంగ్లండునందలి సౌత్‌వెల్ అను చిన్నయూరిలో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అను బాలిక కొన్ని ఆపిలుగింజలను కుండీలో నాటెను. అందొకటి పెరటిలో చెట్టై మిక్కిలి పెద్ద పండ్లు కాచెను. 1846లో ఆ యింటిని బ్రామ్లీ యను మాంసవిక్రేత కొనెను. పిదప నొక తోటపనివాడు అంట్లకై కొమ్మ లడుగగా, తన పేరు పెట్టినచో ఇచ్చెదననెను. నేడు ఇంగ్లండులో వంటకు వాడు పేరెన్నిక గన్న ఆపిలునకు బ్రామ్లీ యనియే పేరు. గింజ నాటిన యామె తన చెట్టు కీర్తిని ఎరుగకయే కన్నుమూసెను. ఇల్లు కొన్నవానికి పేరు దక్కుట లోకమున క్రొత్త కాదు.

ఆ పండు అంత పెద్దదగుటకు హేతువును తరువాతివారు కనుగొనిరి. ఆపిలు జీవకణములో సాధారణముగా 34 క్రోమోజోములుండును. తల్లినుండి 17, తండ్రినుండి 17. బ్రామ్లీలో 51 ఉన్నవి. తల్లిదండ్రులలో నొకరి పాలు రెట్టింపుగా వచ్చినదన్నమాట. ఇట్టి చెట్లలో కణములు పెద్దవగుటచే పండును పెద్దదగుట తఱచు. గ్రావెన్‌స్టైన్, జోనగోల్డ్ అను రకములును ఇట్టివే. కాని దీనికొక మూల్యము కలదు: మూడు పాళ్ళు సమముగా విడిపోజాలవు గనుక వీని పుప్పొడి చాలవరకు నిష్ఫలము. బ్రామ్లీచెట్టు పొరుగుచెట్లకు తండ్రి కాజాలదు. పెద్దఱికమునకు ప్రకృతి ఏదో యొక పన్ను విధింపక మానదు.

ఇక సాధారణమైన చెట్ల సంగతి. 1866లో మెండెలు బఠాణీమొక్కలను గూర్చిన తన సూత్రములను ప్రకటించెను. పొడుగు, పొట్టి; నునుపు, ముడుత; ఇట్లు స్పష్టముగా విడిపోవు గుణము లవి. కాని పండు పరిమాణ మట్లు విడిపోదు. పెద్దదానిని చిన్నదానితో సంకరము చేసిన నడిమిరకములు మెట్లుమెట్లుగా వచ్చును. అందుచే ఆ సూత్రములు పండ్లచెట్లకు చెల్లవని పలువురు తలచిరి. 1909లో స్వీడను దేశస్థుడు నిల్సన్-ఎహ్లె గోధుమగింజల రంగును పరీక్షించి, ఒకే గుణమును పెక్కు జన్యువులు కలిసి నడుపవచ్చునని చూపెను. ఒక్కొక్కటి మెండెలు సూత్రమునే పాటించును. అన్నియు కూడినప్పుడు మెట్లు కనబడును. పండు పరిమాణము అట్టి ఉమ్మడివ్యవసాయము.

దీనికొక మంచి నిదర్శనము కలదు. 1914లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున క్రాండల్ అను నతడు రోమ్ బ్యూటీ యను పెద్దపండ్ల ఆపిలును, బఠాణీగింజకన్న కొంచెమే పెద్దవగు పండ్లు గల జపాను అలంకారవృక్షముతో సంకరము చేసెను. మొదటితరము పండ్లు మిక్కిలి చిన్నవి. అమ్ముటకు పనికిరాని యా చెట్లు దశాబ్దములు పడియుండెను. 1940 తరువాత చూడగా, ఆపిలుతోటలను నల్లమచ్చలతో చెఱచు స్కాబు తెగులు వానిలో కొన్నిటిని అంటలేదు. అంతట వానిని పెద్దపండ్ల రకములతో తరము వెంట తరముగా మరల మరల కలిపి, పరిమాణమును పెంచుకొనుచు, తెగులును తట్టుకొను గుణమును కాపాడుకొనుచు వచ్చిరి. 1970లో ప్రైమా యను రకము వెలువడెను. అది నిండైన పండు. చిన్నపండని త్రోసివేసియున్న ఆ రక్షణ మనకు దక్కెడిదే కాదు.

ఇప్పుడు కథలోని దుఃఖభాగమునకు వచ్చుచున్నాము. రష్యాలోని కొజ్లోవు పట్టణమున ఇవాన్ మిచూరిను అను తోటమాలి యుండెను. 1855లో జన్మించిన యితడు పేదఱికముతో పెనగుచు, ఆ చలిదేశమునకు తగిన పండ్లను సాధించుటకై జీవితమంతయు ధారపోసెను. తొలుత దక్షిణదేశపు మేలిరకములను తెచ్చి అంటుగట్టి చలికి అలవాటు చేయజూచెను. అవి చలికి చచ్చినవి. అప్పుడు దారి మార్చి, సంకరణమును, గింజమొలకల ఎంపికను పట్టెను. అతని తోటలో ఆంటొనొవ్కా యను జాతిచెట్టునందు ఒక్క కొమ్మ మాత్రము అసాధారణముగా పెద్దపండ్లు కాచినది. అతడు దానిని గుర్తించి, ఆ కొమ్మనుండి అంట్లు కట్టెను. ఆరువందల గ్రాముల ఆంటొనొవ్కా యని ఆ రకమునకు పేరు. ఆ కొమ్మలో మార్పును మిచూరిను కలిగింపలేదు. అది తనంత కలిగినది. అతని గొప్పతనము దానిని చూచుటలో నున్నది. మెండెలు సూత్రములను అతడు ఈసడించిన మాట నిజమే. అయినను 1920లో వావిలోవు అతనిని చూడబోయి, అతని శ్రమ విలువను గ్రహించి, ప్రభుత్వసహాయము లభించునట్లు తోడ్పడెను. అభిప్రాయభేదము ఆదరమునకు అడ్డు కాలేదు.

1935లో మిచూరిను మరణించెను. అతని పేరును లైసెంకో యను నతడు ధ్వజముగా నెత్తుకొనెను. జన్యువులు లేవనియు, పెంపకముచేతనే మొక్క స్వభావమును మార్చి సంతతికి అందింపవచ్చుననియు ఇతని బోధ. క్షేత్రమే సర్వము, బీజము శూన్యము! త్వరగా పంట కోరు పాలకులకు ఈ మాట తీపిగా నుండెను. ప్రయోగములచే కాక పలుకుబడిచే వాదము గెలువబడెను. వావిలోవు లొంగలేదు. అయిదు ఖండములు తిరిగి విత్తనములు కూర్చిన ఆ విద్వాంసుని 1940 ఆగస్టులో నిర్బంధించిరి. మఱుసటి యేడు మరణశిక్ష విధించి, తరువాత దానిని ఇరువది యేండ్ల చెరగా మార్చిరి. 1943 జనవరి 26వ తేదీన సరాటొవు చెరసాలలో, తా నొకప్పుడు ఆచార్యుడై యుండిన ఆ పట్టణముననే, ఆకలిచే కృశించి అతడు మరణించెను. అదే యుద్ధకాలమున శత్రువులు చుట్టుముట్టిన లెనిన్‌గ్రాడులో అతని సహోద్యోగులు కొందఱు ధాన్యపు పొట్లముల నడుమనే ఆకలితో చనిపోయిరి. విత్తనములను మాత్రము తినలేదు.

1948 ఆగస్టులో లైసెంకో మతము ఆ దేశమున అధికారసిద్ధాంతముగా ప్రకటింపబడెను, జన్యుశాస్త్రబోధ నిషేధింపబడెను. 1955లో వావిలోవు నిర్దోషి యని న్యాయస్థానము తేల్చెను. 1965లో లైసెంకో తన సంస్థాధిపత్యమును కోల్పోయెను. కాని ఆ నడుమ గడచిన యేండ్లు మరలి వచ్చునా? పాఠములు విననోచని విద్యార్థులకు ఆ నష్టమును ఎవరు తీర్చగలరు? తరగతిలో నొక బాలునికి తప్పు చెప్పి మరునాడు దిద్దుకొన్న మాకు, దిద్దుకొనుటయే నేరమైన పాఠశాలను తలచుకొనగా ఒడలు జలదరించుచున్నది.

నేడు తెలిసిన సంగతి యిది. పండు పరిమాణము రెంటిపై ఆధారపడును: కణముల సంఖ్య, కణముల పెరుగుదల. పూత రాలిన తరువాత మొదటి కొన్నివారములు కణములు విభాగము చెందును; పిమ్మట అవి ఉబ్బును. పిందె లెక్కువగా నున్న కొన్నిటిని తుంచివేసినచో మిగిలినవి పెద్దవగుట ఇందువలననే. నీరు, ఎరువు, ఎండ యన్నియు సాయపడును. ఇంతవరకు క్షేత్రము గొప్పదే. కాని అట్లు పెంచిన పండు గింజకు ఆ పెద్దతనము సంక్రమింపదు. హద్దు గీయునది బీజము. ఆ హద్దువఱకు నింపునది క్షేత్రము.

2015లో న్యూజీలండు శాస్త్రజ్ఞులు ఆ హద్దును గీయు చేతులలో నొకదానిని పట్టుకొనిరి. ఆపిలులో పండు పెరుగుదలను అణచు సూక్ష్మజన్యు వొకటి కలదు. పెద్దపండ్ల చెట్లలో, ఒకచోటినుండి మరియొకచోటికి దుముకు స్వభావముగల జన్యుశకల మొకటి పోయి ఆ జన్యువున చొరబడి, దాని బలమును తగ్గించినది. అణచువాడు బలహీనుడు కాగా పండు పెరిగినది. గాలా యను రకములో ఆ సూక్ష్మజన్యువు పనిని ప్రయోగముగా హెచ్చింపగా పండ్లు మిక్కిలి చిన్నవై పోయినవి. ఆ చొరబాటు మనుష్యుడు తోటలు వేయుటకు పూర్వమే జరిగినదని వారు చూపిరి. ఇది యొక్కటియే కారణము కాదు. ఇతర జన్యువులు పెక్కు కలవు.

కాగా పండును పెద్దదిగా చేసిన దెవరు? తొలిమెట్టు ఒక యాకస్మిక సంఘటనది. తరువాతిమెట్లు మృగములవియు, వర్తకులవియు, కుండీలో గింజ నాటిన బాలికవియు, ఒక్క కొమ్మ భేదమును కనిపెట్టిన పేదతోటమాలివియు. ఆజ్ఞాపించినవాని మెట్టు ఒక్కటియు లేదు. ఉత్తమవంశమున పుట్టితిమని గర్వించువారు కూడ ఈ చెట్టుక్రింద కొంతసేపు కూర్చుండదగును: ఎంత మేలిచెట్టు గింజయైనను తల్లి ఘనతను తనతో తెచ్చుకొనదు, ఊరు పేరు లేని గింజ ఒక్కొకప్పుడు అందఱిని మించును.

తియాన్‌షాన్ అడవులు ఆల్మాటీ నగరము పెరుగుటచే చాలవఱకు నరకబడినవి. ఆ వృక్షజాతి నేడు అపాయములో నున్నవానిలో లెక్కింపబడుచున్నది. ఆ చిన్నపండ్లలో రేపటి యే తెగులునకు మందు దాగియున్నదో యెవ రెరుగుదురు? మన పల్లెలలో గట్లవెంబడి తమంత మొలచిన నాటుమామిళ్ళను గూర్చియు ఈ మాట చెప్పవచ్చును. అంటుమామిడి నాటుటకై నాటుచెట్టును కొట్టువారు ఒకసారి ఆలోచింతురు గాక.

ఆ బాలునికి మా యుత్తరము: నాయనా, పెద్దపండు గింజ నాటిన ఏమి కాయునో ముందుగా చెప్పజాలము. నాటి, నీరుపోసి, కాచినదానిని కన్నులతో చూడుము. చూచినదానిని చూచినట్లు చెప్పుము. మేము వేఱుగ చెప్పియుంటిమేని, మాతోనే చెప్పుము.